ముహూర్తం పెట్టేది మెదడే!

పెళ్లికి ముహూర్తం పంతులుగారు పెడతారు. మరి అండం విడుదలకు? దానికీ ఓ ముహూర్తం ఉంది. పెట్టేది మెదడులోని గడియారం. సంతానానికి సంబంధించిన హార్మోన్లు ఆ గడియారం మాట ఎలా వింటాయన్నది శాస్త్రవేత్తలు డెబ్భై అయిదేళ్లుగా విప్పుతున్న చిక్కుముడి. రాత్రి డ్యూటీలు చేసే అమ్మాయిలకూ, పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే జంటలకూ అక్కరకొచ్చే సంగతులు అందులో చాలానే ఉన్నాయి.

నాటుకోళ్లను పెంచిన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇది తెలిసిన విషయమే. గుడ్లకొచ్చిన పెట్ట మొదటిరోజు పొద్దున్నే గుడ్డు పెడుతుంది. మర్నాడు కాస్త పొద్దెక్కాక. ఆ మర్నాడు ఇంకొంచెం ఆలస్యంగా. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాకా వచ్చాక ఓ రోజు గుడ్డే ఉండదు. 'ఇవాళ నాగా పెట్టింది' అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఆ పైరోజు మళ్లీ మామూలే. పొద్దున్నే గుడ్డు!

కోడి కడుపులో ఓ గుడ్డు పూర్తిగా తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. కాబట్టి రోజూ కొంత ఆలస్యమవడంలో వింతేమీ లేదు. కానీ ఆ నాగా ఎందుకు? కోడి అలసిపోయి కాదు. తర్వాతి పచ్చసొన లోపల సిద్ధంగానే ఉంటుంది. దాన్ని వదలమని మెదడు నుంచి రావాల్సిన సంకేతానికి మాత్రం ఓ వేళ ఉంది. రాత్రిపూట ఓ ఎనిమిది, పది గంటలపాటే ఆ తలుపు తెరిచి ఉంటుంది. తలుపు మూసేశాక సొన ఎంత సిద్ధంగా ఉన్నా మళ్లీ రాత్రి దాకా ఆగాల్సిందే. రైలు తప్పిపోయినట్టే!

ఎలుక, చిట్టెలుక, గొర్రె, కోతి, మనిషి... అన్నిటిలోనూ ఆ సంకేతం పుట్టేది మెదడులోనే. దానికి సమయం చెప్పే గడియారమూ అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. కాకపోతే కొన్ని జీవుల్లో గడియారం పెత్తనం ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. మనిషి విషయంలో ఎంత అన్నదే అసలు ప్రశ్న.

మధ్యాహ్నం రెండింటికి మత్తుమందు

ఈ కథలో మొదటి గట్టి ఆధారం 1950లో దొరికింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జాన్ ఎవరెట్, చార్లెస్ సాయర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆడ ఎలుకల మీద పరిశోధన చేస్తున్నారు. ఎలుకలకు నాలుగైదు రోజులకోసారి అండాలు విడుదలవుతాయి. అది జరిగేది రాత్రివేళ. విడుదల కావాల్సిన రోజున మధ్యాహ్నం రెండు గంటలకు వాళ్లు ఎలుకలకు బార్బిట్యురేట్ అనే మత్తుమందు ఇచ్చారు. ఆ రాత్రి అండాలు విడుదల కాలేదు.

మత్తు కొన్ని గంటల్లో దిగిపోయింది కదా, తర్వాతైనా విడుదల కావాలి. కాలేదు! సరిగ్గా 24 గంటలు ఆగి, మర్నాటి రాత్రి అదే వేళకు విడుదలయ్యాయి. రెండోరోజు కూడా రెండింటికే మత్తు ఇచ్చి చూశారు. ఇంకో 24 గంటలు వాయిదా. అదే మత్తుమందు సాయంత్రం నాలుగు దాటాక ఇస్తే మాత్రం ఫలితం లేదు. అప్పటికే కబురు వెళ్లిపోయింది. రెండింటికీ నాలుగింటికీ మధ్య ఎలుక మెదడు నుంచి ఏదో ఆజ్ఞ వెళుతోందనీ, ఆ వేళ తప్పితే రోజంతా ఆగాల్సిందేననీ తేలిపోయింది. ఆ ఆజ్ఞ ఏమిటో, ఎవరిస్తున్నారో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

పట్టుమని రెండువేలు కూడా లేవు!

ఆజ్ఞ ఏమిటో తెలియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్ల కథ సినిమాకు తీసిపోదు. రోజర్ గియెమిన్, ఆండ్రూ షాలీ ఒకప్పుడు హ్యూస్టన్‌లో కలిసి పనిచేసినవాళ్లే. తర్వాత విడిపోయి బద్ధ ప్రత్యర్థులయ్యారు. ఒకరు గొర్రెల మెదళ్లు, మరొకరు పందుల మెదళ్లు కబేళాల నుంచి లక్షల్లో తెప్పించుకుని, వాటి అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్ అనే చిన్న ముక్కను కోసి, నూరి, వడకట్టి హార్మోన్ల కోసం వెతికారు. చివరికి 1971లో పది అమైనో ఆమ్లాలతో అల్లిన ఓ చిట్టి గొలుసు బయటపడింది. పేరు గొనడోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్... పొట్టిగా జీఎన్‌ఆర్‌హెచ్. 1977లో ఇద్దరూ నోబెల్‌ను పంచుకోవాల్సి వచ్చింది. అప్పటికీ ఒకరంటే ఒకరికి పడలేదు. విచిత్రంగా ఇద్దరూ ఒకే ఏడాది, 2024లో, నిండు వయసులో కన్నుమూశారు.

జీఎన్‌ఆర్‌హెచ్ చేసే పని సూటిగా ఉంటుంది. హైపోథాలమస్‌లో పుట్టి, కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. పిట్యూటరీ వెంటనే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి ఆడవాళ్లలో అండాశయానికీ మగవాళ్లలో వృషణాలకూ వెళ్లి పని మొదలుపెట్టిస్తాయి. రజస్వల కావడం, గొంతు మారడం, నెలసరి, అండం విడుదల, వీర్యకణాల తయారీ... అన్నిటికీ మూలం ఇదే.

ఇంత పెద్ద వ్యవహారాన్ని నడిపే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు ఎన్ని ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, అందులో ఇవి వెయ్యి, రెండువేలు మాత్రమేనని అంచనా. ఓ చిన్న ఊరి జనాభా అంత! పైగా ఇవి పుట్టేది మెదడులో కాదు, ముక్కులో. పిండం దశలో ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల వెంట పాకుతూ హైపోథాలమస్‌కు చేరతాయి. ఈ సంగతి 1989లో బయటపడింది. ప్రయాణం మధ్యలో ఆగిపోతే ఆ బిడ్డకు పెద్దయ్యాక వాసన తెలియదు, యుక్తవయసు లక్షణాలూ వాటంతటవి రావు. దీన్నే కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. పదహారు, పదిహేడేళ్లొచ్చినా ఎదుగుదల కనిపించని పిల్లల్ని 'నీకు వాసన తెలుస్తుందా?' అని డాక్టర్లు అడగడం వెనక కారణం ఇదే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. జీఎన్‌ఆర్‌హెచ్ ఎంత ఉందన్నది కాదు, ఎలా వస్తోందన్నది ముఖ్యం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1978లో కోతుల మీద చేసిన ప్రయోగం దీన్ని తేల్చేసింది. సొంతంగా ఈ హార్మోన్ తయారుకాని కోతులకు గంటకోసారి కొద్దిగా ఇస్తే అంతా సవ్యంగా నడిచింది. అదే మందును ఆపకుండా ధారగా ఎక్కిస్తే ఎల్‌హెచ్ పడిపోయింది! తలుపు టకటకా కొడితే తీస్తారు, బెల్లు నొక్కిపెట్టి ఉంచితే ఇంట్లోవాళ్లు దాని తీగ పీకేస్తారు. పిట్యూటరీ చేసిందీ అదే. ఈ గుణం తర్వాత డాక్టర్లకు గొప్ప ఆయుధమైంది. ఆ సంగతి చివర్లో.

బియ్యపుగింజంత గడియారం

ఇక గడియారం దగ్గరకొద్దాం. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే కూడలి ఒకటుంది. ఆ కూడలికి సరిగ్గా పైన, చెరో పక్కన, బియ్యపుగింజకన్నా చిన్నవిగా రెండు గుంపులు. పేరు నోరు తిరగనిది... సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. ఎస్‌సీఎన్ అనుకుందాం. ఎలుకలో రెండిట్లో కలిపి సుమారు 20 వేల కణాలుంటాయి. 1972లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా దీన్ని తొలగించి చూశాయి. ఎలుకల్లో రేయింబవళ్ల తేడా పోయింది. ఎప్పుడు పడితే అప్పుడు తిరగడం, ఎప్పుడు పడితే అప్పుడు నీళ్లు తాగడం. ఆడ ఎలుకల్లో అయితే అండాల విడుదలే ఆగిపోయింది.

ఈ గడియారం చీకటిగదిలో పెట్టినా తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే కచ్చితంగా 24 గంటలకు కాదు, కాస్త అటూ ఇటూగా. రోజూ దాన్ని సరిచేసేది కళ్లలోంచి వచ్చే వెలుగు. అందుకోసం కంటి రెటీనాలో ప్రత్యేకంగా కొన్ని కణాలున్నాయని 2002లో కనిపెట్టారు. అవి బొమ్మలు చూపించడం కన్నా ముఖ్యంగా పగలా, రాత్రా అన్నది ఎస్‌సీఎన్‌కు చెబుతాయి. నీలి వెలుగంటే వాటికి మరీ చురుకు. సెల్‌ఫోన్ వెలుగు గురించి డాక్టర్లు చేసే హెచ్చరికలన్నీ ఇక్కడి నుంచి వచ్చినవే.

పక్షులు ఇంకో ఆకు ఎక్కువే చదివాయి. వాటికి కళ్లతో కూడా పనిలేదు. వెలుగు పుర్రె దాటి నేరుగా మెదడులోని కణాలను తాకుతుంది. కళ్లు లేని బాతులు కూడా పగలు పొడవైతే జతకు సిద్ధమవుతాయని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాక్ బెన్వా 1930ల్లోనే చూపించాడు. తణుకు, అనపర్తి వైపు కోళ్లఫారాల్లో తెల్లవారుజామునో పొద్దుగూకాకో లైట్లు వేసి పగటిని 16 గంటలకు సాగదీయడంలోని కిటుకు ఇదే. వెలుగు పెరిగితే జీఎన్‌ఆర్‌హెచ్ పెరుగుతుంది, గుడ్లు ఆగవు. మన గేదెలది దీనికి తిరగబడ్డ లెక్క. వానలు వెనకబట్టి పగలు కుదించుకునే రోజుల్లోనే అవి ఎక్కువగా ఎదకొస్తాయి. ఎండాకాలంలో కట్టు కుదరడం కష్టమని పాడిరైతులు ఊరికే అనరు. ఎండవేడి కూడా అందుకు ఓ కారణమే అనుకోండి.

లాకరుకు రెండు తాళంచెవులు

గడియారం సరే, జీఎన్‌ఆర్‌హెచ్ కణాలూ సరే. వాటి మధ్య కబురు ఎలా నడుస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో చిట్టెలుకలు చేసిన సాయం ఇంతా అంతా కాదు. హామ్‌స్టర్ అనే ఈ చిట్టెలుకలను వారాల తరబడి ఆర్పని వెలుగులో ఉంచితే కొన్నిటిలో వింత జరుగుతుంది. రోజుకోసారి చురుగ్గా తిరగాల్సినవి రెండుసార్లు తిరగడం మొదలుపెడతాయి, పన్నెండు గంటల తేడాతో. కుడి ఎస్‌సీఎన్, ఎడమ ఎస్‌సీఎన్ విడిపోయి దేని దారి అది చూసుకున్నాయన్నమాట! అలాంటి ఆడ చిట్టెలుకల్లో ఎల్‌హెచ్ ఉప్పెన కూడా రోజుకు రెండుసార్లు వస్తోందని 1985లో తెలిసింది. 2003లో మరో బృందం ఇంకాస్త లోతుకెళ్లి చూసింది. ఎడమ గడియారం మేల్కొన్నప్పుడు ఎడమవైపు జీఎన్‌ఆర్‌హెచ్ కణాలే లేస్తున్నాయి. కుడిది లేచినప్పుడు కుడివైపువే.

కబురు రక్తంలో కలిసి వెళ్లేదయితే రెండు వైపులకూ ఒకేసారి అందాలి కదా! అందడం లేదంటే తీగలు వేసి ఉన్నట్టే. ఏ వైపు గడియారం నుంచి ఆ వైపు కణాలకు నరాల ద్వారానే కబురు వెళుతోంది. ఇంత తేలికైన తర్కంతో ఇంత పెద్ద విషయాన్ని తేల్చిన ప్రయోగాలు అరుదు.

ఆ తీగల్లో ఒకటి నేరుగా వెళుతుంది. ఎస్‌సీఎన్ కణాలు కొన్ని వీఐపీ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. పేరుకు తగ్గట్టు వాటికి నేరుగా లోపలికే ప్రవేశం! వాటి కొసలు జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను తాకుతుంటాయి.

రెండో దారి చుట్టుతిరుగుడు, కానీ ప్రధానమైనది. ఎస్‌సీఎన్‌లోని మరికొన్ని కణాలు వాసోప్రెసిన్ అనే రసాయనంతో మధ్యవర్తులను లేపుతాయి. ఆ మధ్యవర్తుల పేరు కిస్‌పెప్టిన్ కణాలు. ఈ పేరు వెనక ఓ చాక్లెట్ ఉంది. 1996లో క్యాన్సర్ వ్యాపించకుండా ఆపే ఓ జన్యువును అమెరికాలోని హెర్షీ అనే ఊళ్లో కనిపెట్టారు. ఆ ఊరు 'కిసెస్' చాక్లెట్లకు ప్రసిద్ధి. జన్యువుకూ 'కిస్' అని పేరు పెట్టేశారు. దానికి సంతానంతో సంబంధముందని అప్పటికి ఎవరూ ఊహించలేదు. 2003లో ఫ్రాన్స్‌లో ఒక బృందం, బోస్టన్‌లో మరో బృందం యుక్తవయసు రాని కుటుంబాలను పరీక్షిస్తే, కిస్‌పెప్టిన్ కబురును అందుకునే గ్రాహకంలోనే లోపం కనిపించింది. జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను తట్టిలేపే అసలు చెయ్యి ఏదో అప్పుడు తెలిసింది.

ఈ కిస్‌పెప్టిన్ కణాలకు ఓ నియమం ఉంది. గడియారం పిలిస్తే చాలదు. అండం పక్వమయిందని అండాశయం కూడా చెప్పాలి. ఆ మాట ఈస్ట్రోజెన్ రూపంలో వస్తుంది. బ్యాంకు లాకరు తెరవాలంటే మన తాళంచెవి ఒక్కటే సరిపోదు, బ్యాంకువాళ్లది కూడా పెట్టాలి. ఇదీ అంతే. ఈస్ట్రోజెన్ ఒక చెవి, గడియారం రెండో చెవి. ఎలుకలో ఈ రెండూ పడ్డాకే ఉప్పెనలా జీఎన్‌ఆర్‌హెచ్, ఆ వెంటే ఎల్‌హెచ్, ఆ రాత్రికి అండం.

మూడో దారి బ్రేకు మీద ఉంది. జీఎన్‌ఆర్‌హెచ్‌ను అణిచిపెట్టే రసాయనం ఒకటుందని జపాన్ శాస్త్రవేత్త కజుయోషి త్సుత్సుయి బృందం 2000లో కౌజుపిట్టల్లో కనిపెట్టింది. క్షీరదాల్లోనూ దాని బంధువు ఉంది. సరిగ్గా ఉప్పెన వేళకు ఎస్‌సీఎన్ ఆ బ్రేకును కూడా వదులుతుంది. ఇవి చాలవన్నట్టు జీఎన్‌ఆర్‌హెచ్ కణాల్లోనే సొంత గడియారం జన్యువులు కూడా ఉన్నాయి. పిలిచేవాడి చేతికీ వాచీ, పిలిపించుకునేవాడి చేతికీ వాచీ!

వాచీలు పాడైతే ఏమవుతుందో ఎలుకల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 'క్లాక్' అనే జన్యువు చెడిన ఆడ ఎలుకల్లో రుతుచక్రం గాడితప్పుతుంది, ఎల్‌హెచ్ ఉప్పెన సరిగ్గా రాదు, గర్భాలు నిలవడమూ తగ్గుతుంది. జన్యువులు బాగానే ఉన్నా వేళలు మారిస్తే? 2012లో అమెరికా శాస్త్రవేత్తలు జతకట్టిన ఆడ ఎలుకల గదిలో ఐదారు రోజులకోసారి పగలు, రాత్రుల వేళల్ని ఆరేసి గంటలు జరుపుతూ పోయారు. వేళలు మార్చని ఎలుకల్లో 90 శాతం కాన్పుదాకా వెళ్లాయి. వేళల్ని వెనక్కి జరిపినవాటిలో 50 శాతం. ముందుకు జరిపినవాటిలో 22 శాతమే.

మరి మనుషుల్లో?

ఇక్కడ కాస్త నిదానించాలి. ఎలుక లెక్కను తెచ్చి మనిషికి అంటగట్టేస్తే హైటెక్ సిటీలో రాత్రుళ్లు పనిచేసే అమ్మాయిలెవరికీ పిల్లలు పుట్టకూడదు. పుడుతున్నారు కదా!

మనిషిలోనూ, కోతిలోనూ లాకరుకున్న రెండో చెవి అంత గట్టిది కాదు. నోబిల్ బృందమే 1980లో ఆ సంగతి చూపించింది. గంటకోసారి ఒకే మోతాదులో జీఎన్‌ఆర్‌హెచ్ అందిస్తూ పోతే, మెదడులోని ఆ భాగం పనిచేయని కోతుల్లో కూడా అండాశయమే సమయం లెక్కపెట్టుకుని నెలనెలా అండాన్ని వదిలింది. మన దేశంలోనూ ఓ ఆసక్తికరమైన పరిశోధన జరిగింది. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం.కె.చంద్రశేఖరన్ బృందం బయటి వెలుగు, గడియారం, మనుషుల అలికిడి ఏదీ తెలియని గది ఒకటి ఏర్పాటుచేసింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఓ మహిళను అందులో ఉంచి గమనించారు. ఆమె నిద్ర, మెలకువల లయతో నెలసరికి ముడి లేదని 1991లో ప్రకటించారు. ఒక్క మనిషి మీద చేసిన పరిశీలనే అయినా, నోబిల్ చెప్పినదానికి సరిపోతుంది.

అలాగని గడియారానికి మనలో ఏ పాత్రా లేదనుకుంటే పొరపాటు. అండం ఏ రోజున విడుదల కావాలన్నది అండాశయం తేల్చినా, ఎల్‌హెచ్ ఉప్పెన మొదలయ్యే వేళ మాత్రం చాలామందిలో అర్ధరాత్రికీ ఉదయం ఎనిమిదింటికీ మధ్యే ఉంటోంది. చీకట్లో తిరిగే ఎలుకకు అది సాయంత్రం, పగలు తిరిగే మనకు తెల్లవారుజామున. ఎవరి మెలకువకు ముందు వాళ్లకన్నమాట.

పిల్లల విషయంలో రాత్రికున్న ప్రాధాన్యం మరింత స్పష్టం. యుక్తవయసు మొదలయ్యేటప్పుడు జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు ముందుగా మేల్కొనేది పిల్లలు నిద్రపోయాకే. బడికెళ్లే వయసు పిల్లల రక్తాన్ని రాత్రంతా పరీక్షించి, ఎల్‌హెచ్ ఉరవడి నిద్రతోపాటే పెరుగుతోందని 1972లోనే గమనించారు. గాఢనిద్రకూ దానికీ దగ్గరి సంబంధం ఉందని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. పగలంతా మామూలు పిల్లల్లాగే ఉండి, రాత్రి నిద్రలో మాత్రం పెద్దవాళ్లవుతుంటారు!

రాత్రి డ్యూటీల సంగతికొస్తే, అమెరికా నర్సుల మీద జరిగిన అధ్యయనాలే ఎక్కువ ఆధారం. 71,077 మంది నర్సుల వివరాలతో 2011లో వెలువడిన లెక్క ఒకటుంది. అంతకుముందు రెండేళ్లలో 20 నెలలు, ఆపైన మారే షిఫ్టుల్లో పనిచేసినవాళ్లలో నెలసరి క్రమం తప్పే అవకాశం మిగతావాళ్లకన్నా 23 శాతం ఎక్కువగా కనిపించింది. నాలుగేళ్ల తర్వాత అదే కోవలో మరో అధ్యయనం వచ్చింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 1,700 మందికి పైగా నర్సులను పరిశీలిస్తే, రాత్రి షిఫ్టుల వల్ల గర్భం రావడం ఆలస్యమవుతోందనడానికి ఆధారం దొరకలేదు. వారానికి 40 గంటలకు మించిన పని, మాటిమాటికీ బరువులెత్తడం మాత్రం ఆలస్యానికి కారణాలుగా కనిపించాయి.

రెండూ కలిపి చదువుకుంటే అర్థమయ్యేదేమిటంటే, మారే షిఫ్టులు లయను కొంత కదిలిస్తాయి, కానీ తలుపులు మూసేయవు. కోడలికి రాత్రి ఉద్యోగమనీ, అందుకే కడుపు పండటం లేదనీ సూటిపోటి మాటలనే పెద్దవాళ్లు ఈ లెక్క చూడాలి. అసలు గర్భం రాకపోవడానికి కారణం ఎన్నోసార్లు మగవాళ్లలో ఉంటుందని, లేదా ఇద్దరిలోనూ ఉంటుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మరోవైపు, నెలసరి నెలల తరబడి తప్పుతుంటే 'షిఫ్టుల వల్లేలే' అని సరిపెట్టుకోవడమూ తప్పే. థైరాయిడ్, పీసీఓఎస్ లాంటివి ఆ మాటున దాక్కుంటాయి. పరీక్షకు వెళ్లినప్పుడు ఏ వేళల్లో పనిచేస్తున్నదీ, ఎప్పుడు నిద్రపోతున్నదీ డాక్టరుకు చెప్పాలి. చాలామంది అడగలేదని చెప్పరు.

డాక్టర్ల చేతిలో గడియారం

వేళ ఎంత ముఖ్యమో ఆసుపత్రులకు బాగా తెలుసు. మగవాళ్లకు టెస్టోస్టెరాన్ పరీక్ష రాస్తే పొద్దున్నే రమ్మంటారు. ఆ హార్మోన్ ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఇచ్చిన రక్తంలో తక్కువ కనిపిస్తే అది జబ్బు కాకపోవచ్చు, వేళ తేడా కావచ్చు. అందరికీ ఈ సంగతి తెలియక అనవసరంగా కంగారుపడి మందులదాకా వెళ్లేవాళ్లున్నారు. రాత్రంతా పనిచేసి పొద్దున్న నేరుగా ల్యాబుకొచ్చేవారు ఆ మాట ముందే చెప్పడం మంచిది.

సంతాన సాఫల్య కేంద్రాల్లో అయితే నడిచేదంతా గడియారమే. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో మందులతో ఒకేసారి చాలా అండాలను పెంచుతారు. ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది. అది చూసి మెదడు తనంతట తాను ఉప్పెన వదిలేస్తే అండాలు ముందే జారిపోతాయి, శ్రమంతా వృథా. అందుకే డాక్టర్లు ముందుగా మెదడు నోరు మూయిస్తారు. ధారగా ఇస్తే జీఎన్‌ఆర్‌హెచ్ పనిచేయదని కోతుల్లో చూశాం కదా, ఆ కిటుకుతో తయారైన ఇంజెక్షన్లు ఒకరకం. గ్రాహకాన్ని నేరుగా అడ్డుకునేవి మరో రకం. వయసు రాకముందే ఎదుగుతున్న చిన్నారులకు నెలకో, మూడు నెలలకో ఇచ్చి ఎదుగుదలను ఆపేవి కూడా మొదటి రకానివే. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పెద్దాయనలకు ఇచ్చేవీ అవే.

మెదడు మౌనంగా ఉన్నాక ముహూర్తం డాక్టరు పెడతారు. 'రాత్రి సరిగ్గా పదింటికి ఇంజెక్షన్ చేయించుకోండి, పది నిమిషాలు అటూ ఇటూ కాకూడదు' అని చెప్పి పంపిస్తారు. ఆ జంట ఫోన్లో అలారం పెట్టుకుని, నర్సును బతిమాలుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చుంటుంది. ఎందుకంటే ఆ ట్రిగ్గర్ ఇంజెక్షన్ పడ్డ తర్వాత సుమారు 34 నుంచి 36 గంటల్లో అండాలు సేకరించాలి. తొందరపడితే పక్వం కావు, ఆలస్యమైతే జారిపోతాయి. రాత్రి పదింటికి ఇస్తే ఆ మరునాడు కాక పై ఉదయం థియేటర్ సిద్ధంగా ఉంటుంది. మెదడు తెల్లవారుజామున చేసే పనిని డాక్టరు తన వీలును బట్టి రాత్రికి మార్చారన్నమాట.

ఈ ట్రిగ్గర్‌తో ఓ చిక్కుంది. మామూలుగా వాడే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. కొందరిలో అండాశయాలు బాగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ప్రాణం మీదకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పీసీఓఎస్ ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వైద్యులు హెచ్‌సీజీ బదులు కిస్‌పెప్టిన్ ఇచ్చి చూశారు. 2014లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం 53 మంది మహిళల్లో 49 మందికి పిండాలను గర్భంలో ప్రవేశపెట్టగలిగారు, 12 మందికి గర్భం నిర్ధారణ అయింది. కిస్‌పెప్టిన్ అండాశయం మీద నేరుగా పనిచేయదు. ఆ మహిళ మెదడులోని జీఎన్‌ఆర్‌హెచ్ కణాలనే తట్టిలేపుతుంది. ఎంత హార్మోన్ వదలాలో, ఎప్పుడు ఆపాలో ఆ రెండువేల కణాలే చూసుకుంటాయి. ముప్పు ఎక్కువగా ఉన్న 60 మంది మీద మరుసటి ఏడాది చేసిన ప్రయోగంలోనూ అండాలు పక్వమయ్యాయి, అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బిన సందర్భం ఎదురుకాలేదు.